మన అప్పుల పుస్తకం మనకే అందదు
కౌలు రైతుల అప్పుల మీద విదేశంలో అచ్చైన కొత్త ఇంగ్లీషు పుస్తకం వచ్చిందని సంబరపడ్డాను. ఆ పుస్తకం కోసం అరుగుల మీద కూర్చుని గంటల తరబడి లెక్కలు చెప్పింది మన రైతులే. తీరా ధర చూస్తే 11,000 రూపాయలు! అతిథి అధ్యాపకుడిగా నాకొచ్చే నెల జీతంలో మూడో వంతు. చవక ముద్రణ ఒక ఏడాది తరువాత వస్తుందట, అదీ వస్తే. ఇలాంటి పుస్తకాలకు రచయితలకు దక్కేది నామమాత్రమే, మరి ఇంత ధర ఎవరి కోసం? చాలదన్నట్టు 2019 బడ్జెట్‌లో దిగుమతి పుస్తకాలపై 5 శాతం కస్టమ్స్ సుంకం వేశారు. చదువు మీద సుంకమా! తెలుగు అనువాదం ఊసే లేదు. మా గ్రంథాలయంలో అర్థశాస్త్రం అల్మారా తెరిస్తే ఇంకా ప్రణాళికా సంఘం పాఠాలే. 2015లోనే దాని స్థానంలో నీతి ఆయోగ్ వచ్చింది. నిన్న ఒక విద్యార్థిని వచ్చి కౌలు మీద కొత్త పుస్తకం అడిగితే, ఆ అల్మారా ముందు మాట రాక నిలబడిపోయాను.