చెక్ ఇంజిన్ లైటు దొరవారికి

కారు డాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మతో కొలువైన మహారాజశ్రీ చెక్ ఇంజిన్ లైటు దొరవారి సముఖమునకు, ఒక పాతకారు ఆసామి నమస్కరించి వ్రాయు విన్నపం.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే మన మధ్య ఆ మాట చెల్లదు. తమరు కులాసాగా వెలుగుతున్నారంటే నేను కులాసాగా లేనట్టే లెక్క. నేను బాగున్న రోజుల్లో తమ దర్శనం తాళం తిప్పినప్పుడు మాత్రమే, అదీ బల్బు బతికే ఉందని చూపించుకోవడానికి. ఇంజిన్ అందుకోగానే సెలవు తీసుకుంటారు.

నా మొదటి అభియోగం తమ భాష మీద. తమకున్నది ఒకటే బొమ్మ, ఒకటే రంగు. పెట్రోలు ట్యాంకు మూత వదులుగా ఉన్నా అదే బొమ్మ, పొగను శుభ్రంచేసే క్యాటలిటిక్ కన్వర్టర్ లోపల కరిగి ముద్దకట్టినా అదే బొమ్మ. చేత్తో ఒక్క తిప్పు తిప్పితే పోయేదాన్నీ, బండి ఖరీదుతో పోటీపడే ఖర్చునూ ఒకే గాటన కట్టేశారు. పక్కసీటులోవాళ్లు "ఏమిటది?" అని అడిగితే "ఇంజిన్ చూపించుకోమంటోంది" అనడం తప్ప నా దగ్గర జవాబుండదు. ఇంజిన్‌లో ఏ మూల? తమకు తెలుసు. తెలిసీ చెప్పరు.

ఉన్నమాట చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, తమకు రెండో మాట కూడా వచ్చు. నిలకడగా వెలిగితే వీలు చూసుకుని సంగతి కనుక్కోమని. ఆగి ఆగి కొట్టుకుంటే మాత్రం, ఏదో సిలిండర్ గట్టిగా మిస్ అవుతోందని, అందులో కాలాల్సిన పెట్రోలు కాలకుండా పోయి కన్వర్టర్‌లో మండుతోందని, యాక్సిలరేటర్ మీద కాలు తీసి బండిని వెంటనే పక్కకు ఆపమని. ఇంత ప్రాణాంతకమైన కబురు కనుసైగతో చెబుతారా? దాని అర్థం మాన్యువల్లో రాసే ఉంటుంది, ఆ మాన్యువల్ కొన్ననాటి నుంచీ గ్లవ్‌బాక్సులోనే ఉంటుంది. నిలకడగా వెలిగితే గుండెలు బాదుకునే మనుషులు, కొట్టుకుంటూ వెలిగితే "వైరు లూజయినట్టుంది" అని డాష్‌బోర్డు మీద నాలుగు తట్టి వంద మీద పోవడం తమరు చూస్తూనే ఉంటారు.

అసలు తమ కొలువు ఎవరి దగ్గరో ఆలస్యంగా తెలిసింది. ఇన్నాళ్లూ నా ఇంజిన్ బాగోగులు చూడటానికే నియమించారనుకున్నాను. కాదు. తమ ఉద్యోగం పొగగొట్టం కోసం. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి ప్రతి కొత్త కారులోనూ తమరు, తమ పదహారు పిన్నుల సాకెట్టూ తప్పనిసరయ్యింది గాలి పాడవకుండా చూడటానికి. వదిలే విషవాయువులు ఉండాల్సినదానికి దాదాపు ఒకటిన్నర రెట్లు దాటే అవకాశం ఉంటే తమరు వెలగాలి. ఇంజిన్ ఆయిలు అడుగంటినా సాధారణంగా తమకు పట్టదు, దానికి వేరే దీపం ఉంది. బేరింగులు టకటకలాడుతూ ప్రాణం విడుస్తున్నా, పొగ శుభ్రంగా ఉన్నంతవరకు తమ మొహంలో మార్పు రాదు. ఊరందరి ఊపిరితిత్తులకూ కాపలా కాస్తున్నందుకు తమకు దండం. కాకపోతే బిల్లు మాత్రం నా పేరున వస్తోంది.

ఇక తమ కోడ్ల సంగతి. ఆ పదహారు పిన్నుల సాకెట్టుకు స్కానర్ అనే చిన్న పరికరం పెడితే తమరు ఒక నంబరు దయచేయిస్తారు. జనం ఆ నంబరును తీర్పు అనుకుంటారు. తమరు ఇచ్చింది ఫిర్యాదు కాపీ మాత్రమే అని ఎవరూ చెప్పరు. ఉదాహరణకు పీ 0171. అంటే మిశ్రమంలో గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని. ఈ కబురు మోసింది పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కనిపెట్టే ఆక్సిజన్ సెన్సర్. వెంటనే అందరూ కలిసి ఆ సెన్సర్నే పీకి కొత్తది పెడతారు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం అంటే ఇదే. కొత్త సెన్సరూ అదే మాట చెబుతుంది, పాపం అది నిజం కాబట్టి.

పాతబండిలో గాలి ఎక్కడ ఎక్కువైందో కనుక్కోవడానికి స్కానర్‌లోనే దారి ఉంది. ఫ్యూయల్ ట్రిమ్ అని ఒక అంకె కనిపిస్తుంది. కంప్యూటర్ తన లెక్క మీద ఇంకెంత శాతం పెట్రోలు అదనంగా పోస్తోందో అది చెబుతుంది. సున్నాకు అటూ ఇటూ అయిదు శాతం ఉంటే చింత లేదు. ఐడ్లింగ్‌లో, అంటే బండి కదలకుండా ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, ఆ అంకె ఇరవై దగ్గరుండి, ఇంజిన్‌ను 2500 ఆర్‌పీఎమ్ దగ్గర నిలిపితే దిగిపోయిందంటే, ఎక్కడో వ్యాక్యూమ్ గొట్టం పగిలి, కంప్యూటర్ లెక్కలోకి రాని దొంగగాలి వస్తున్నట్టు. ఐడ్లింగ్‌లో ఇంజిన్ పీల్చే గాలే తక్కువ గనక అందులో దొంగగాలి వాటా పెద్దది. వేగం పెరిగితే అది గాలిలో కలిసిపోతుంది. తలకిందులుగా, ఐడ్లింగ్‌లో బాగుండి ఎత్తు ఎక్కేటప్పుడు అంకె పైకి పోతే పెట్రోలు చాలడం లేదు: ఫిల్టరు మూసుకుపోయింది, లేదా పంపు నీరసించింది, లేదా గాలిని కొలిచే సెన్సరు మీద మురికి పట్టి తక్కువ చెబుతోంది. ఆక్సిజన్ సెన్సర్‌కు ముందు ఎగ్జాస్ట్ పైపులో చిల్లు ఉంటే, బయటిగాలి అందులోకి దూరి సెన్సర్ చేత అబద్ధం చెప్పించడం కూడా ఉంది. ఇంత కథ ఉంటే తమరు చెప్పింది నాలుగంకెలు.

సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండకపోతే వచ్చే మిస్‌ఫైర్ కోడ్ల విషయంలో తమరు కాస్త నయం, సిలిండర్ నంబరు కూడా చెబుతారు. పీ 0303 అంటే మూడో సిలిండర్. ప్రతి సిలిండర్‌కూ స్పార్కు పుట్టించే కాయిల్ విడిగా ఉన్న బండిలో ఇది పైసా ఖర్చు లేని పరీక్ష: మూడోదాని కాయిల్ తీసి రెండోదానికి పెట్టి, రెండోది మూడోదానికి పెట్టాలి. కోడు పీ 0302గా మారితే దొంగ కాయిలే. మారకపోతే ప్లగ్గులు అలాగే అటూ ఇటూ మార్చాలి. అప్పటికీ మూడులోనే ఉంటే పెట్రోలు చిమ్మే ఇంజెక్టరును, ఆ తరవాత కంప్రెషన్‌ను, అంటే సిలిండర్ లోపలి ఒత్తిడిని చూడాలి. చాలామంది ఈ వరస పాటించరు, నాలుగు కాయిళ్లూ ఒకేసారి కొంటారు. దొంగ కాయిలే అయితే ఆ నాలుగింటిలో అదీ ఉంటుంది కాబట్టి బండి బాగవుతుంది, అందరికీ నమ్మకం కుదురుతుంది, మూడు మంచి కాయిళ్లు చెత్తబుట్టలోకి పోతాయి.

తమరు వెలగగానే "మంచి పెట్రోలు పోయించు" అనే సలహాదారులు ఎక్కడినుంచి పుట్టుకొస్తారో తెలియదు. వాళ్ల ఉద్దేశంలో మంచి పెట్రోలు అంటే ఎక్కువ ఆక్టేన్ ఉన్నది. ఆక్టేన్ బలం కాదు దొరా, ఓర్పు. సిలిండర్‌లో ఒత్తిడికి, వేడికి స్పార్కు మంట తనను చేరకముందే తనంతట తాను పేలిపోకుండా ఎంత ఓర్చుకుంటుందో చెప్పే అంకె. ఐసో ఆక్టేన్‌కు 100, నార్మల్ హెప్టేన్‌కు 0 అని పెట్టుకుని కొలిచారు. కొలిచే పద్ధతులు కూడా వేరు: ఒకచోట పంపు మీద 95 అని రాసిన పెట్రోలే ఇంకోచోట 91 దరిదాపుల్లో కనిపిస్తుంది, పెట్రోలు మారలేదు, లెక్క మారింది. కంప్రెషన్ తక్కువున్న పాత ఇంజిన్‌కు దాని మాన్యువల్ అడగని ఆక్టేన్ పోస్తే అది ఆ ఓర్పును ఏం చేసుకోవాలో తెలియక ఊరికే కాల్చేస్తుంది. పగిలిన గొట్టం ఆక్టేన్‌తో అతుక్కోదు. చెడిన కాయిల్ పెట్రోలు రేటు చూసి సిగ్గుపడి పనిచేయదు.

ఒక్క సందర్భంలో ఆ సలహాదారులు పొరపాటున నిజం చెబుతారు. ఏళ్లు గడిచేకొద్దీ పిస్టన్ నెత్తిన కార్బన్ పేరుకుంటుంది. దాంతో లోపల చోటు తగ్గి కంప్రెషన్ కాస్త పెరుగుతుంది, ఎర్రగా కాలే మచ్చలు ఏర్పడతాయి. మాన్యువల్ చెప్పిన పెట్రోలుతోనే ఎత్తు మీద గోలీలు గిలకరించినట్టు నాకింగ్ వస్తుంటే, ఒక మెట్టు పై ఆక్టేన్ పోయించడం తప్పు కాదు. అది తాత్కాలికం. ఈలోగా స్పార్కు టైమింగు, ఇంజిన్ వేడి, కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు చూసుకోవాలి. సీసాల్లో అమ్మే క్లీనర్లలో పాలీఈథర్ అమైన్ అనే రసాయనం ఉన్నవి ఇంజెక్టర్ మురికిని నిజంగానే కరిగిస్తాయి. మిగతా సీసాల్లో ఎక్కువగా అమ్ముడుపోయేది ఆశ.

పెట్రోలులో కలిపే ఇథనాల్ గురించి కూడా తమ చెవిన వెయ్యాలి, ఎందుకంటే అందులో తమకూ వాటా ఉంది. ఇథనాల్ ఆక్టేన్ అంకె వంద దాటుతుంది, చూడటానికి ఘనంగా ఉంటుంది. లీటరుకు ఇచ్చే శక్తి మాత్రం పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ. పది శాతం కలిపితే మైలేజీ మూడు శాతం వరకు తగ్గుతుంది. పైగా దానిలోనే ఆక్సిజన్ ఉంది గనక, అదే గాలికి ఇంజిన్ ఇంకాస్త ఎక్కువ ఇంధనం పోసుకోవాలి. ఇంజెక్షన్ బండి కంప్యూటర్ ఆ లెక్క తానే సర్దుకుంటుంది. కానీ చిన్న వ్యాక్యూమ్ లీకుతో ట్రిమ్ అప్పటికే హద్దు దగ్గర వేలాడుతున్న పాతబండికి ఆ కాస్త తేడాయే చాలు తమరిని లేపడానికి. అప్పుడు నేరం పెట్రోలు బంకు మీదకి పోతుంది, గొట్టం హాయిగా తప్పించుకుంటుంది.

కార్బురేటర్ బండికి ఆ సర్దుబాటు తెలివి లేదు, పెట్రోలు వచ్చే జెట్టు రంధ్రం ఎంత ఉంటే అంతే. దానికి తమరూ లేరు. అది దగ్గుతుంది, పొగతో మాట్లాడుతుంది. నల్లపొగ అయితే పెట్రోలు ఎక్కువ, నీలం అయితే ఆయిలు కాలుతోంది, ఆగకుండా తెల్లపొగ అయితే కూలెంట్ లోపలికి పోతోంది. తమ నాలుగంకెల కంటే ఆ మూడు రంగులే నాకు సులువుగా అర్థమవుతాయని చెబితే కోప్పడకండి. ఆ కాలపు రబ్బరు గొట్టాలు, గాస్కెట్లు ఇథనాల్‌కు ఉబ్బి పగులుతాయి. ట్యాంకులో ఏళ్లుగా పేరుకున్న జిగురును అది కడిగి ఫిల్టరులోకి తోస్తుంది. నెలల తరబడి నిలిపితే గాలిలో తేమ పీల్చి, నీళ్లతో కలిసి అడుగుకు విడిపోతుంది. పంపు ముందుగా తాగేది ఆ అడుగునే. సీసం కలిపిన పెట్రోలు మీద పెరిగిన ఇంజిన్లయితే ఇంకా పాపం. ఆ విషం నాకింగ్‌ను ఆపుతుందని 1921లో అమెరికా ఇంజనీరు థామస్ మిడ్‌గ్లీ బృందం కనిపెట్టింది, దాంతోపాటు అది వాల్వు సీట్ల అరుగుదలనూ ఆపేది. 2021లో అల్జీరియా కూడా ఆపేయడంతో ప్రపంచంలో కార్లకు అది దొరకడం పూర్తిగా పోయింది, పోవడమే మంచిదయింది. ఆ ఇంజిన్లకు ఇప్పుడు గట్టి వాల్వు సీట్లు వేయించుకోవడమే శాశ్వతమైన దారి.

చివరిగా, తమరిని ఆర్పే విద్య గురించి. బ్యాటరీ వైరు పీకడం, స్కానర్‌తో తుడిచెయ్యడం, మరీ తెగించినవాళ్లయితే నల్ల టేపు అంటించడం. మొదటి రెండింటితో తమతోపాటు తప్పు జరిగిన క్షణాన వేగమెంత, వేడి ఎంత అని తమరు రాసిపెట్టుకున్న చిట్టా కూడా చెరిగిపోతుంది. పాతకారు అమ్మేవాళ్లకు ఈ విద్య బాగా వచ్చు. కొనేవాళ్లు స్కానర్ పెట్టి రెడీనెస్ మానిటర్లు, అంటే బండి తనకు తాను చేసుకునే పరీక్షలు ఎంతవరకు వచ్చాయో చూడాలి. చాలావరకు "పూర్తికాలేదు" అని ఉంటే తమరిని ఈమధ్యే ఎవరో నిద్రపుచ్చారని అనుమానించాలి. ఈ ఒక్క విషయంలో తమ నిజాయితీకి నేను అభిమానిని. నోరు మూయించినా, మూయించారన్న సంగతి దాచరు.

ఇట్లు,
తమ వెలుగులో తడుముకుంటున్న
ఒక పాతకారు ఆసామి

తా.క.: మెకానిక్ షెడ్డు ముందుకు రాగానే ఆరిపోయి నన్ను అబద్ధాలకోరును చేసే అలవాటు ఇకనైనా మానుకోండి. వరసగా మూడు ప్రయాణాల్లో తప్పు దొరక్కపోతే తమరు ఆరిపోతారని, ఆరిపోయినా కోడు మాత్రం దాదాపు నలభైసార్లు ఇంజిన్ వేడెక్కి చల్లారేదాకా మెమరీలోనే ఉంటుందని తెలుసుకున్నాను. స్కానర్ ఒకటి కొని సీటు కింద పెట్టుకున్నాను.