అడ్జస్ట్ గారికి ఒక లేఖ

అయ్యా అడ్జస్ట్ గారూ,

నమస్కారాలు. మీ దయవల్ల మొన్న ఆదివారం విశాఖలో రైలెక్కిన దగ్గర్నుంచి నా లోయర్ బెర్తు మీద నేను తప్ప అందరూ హాయిగా కూర్చున్నారు. "కొంచెం అడ్జస్ట్ అవ్వండి సార్, రాజమండ్రిలో దిగిపోతాం." రాజమండ్రి వచ్చింది, వెళ్లింది. బ్రిడ్జి మీదికి రాగానే ఆ పెద్దాయన నా ఒళ్లోంచి వంగి, కిటికీలోంచి గోదారమ్మకు రూపాయి బిళ్ల వేసి, దణ్ణం పెట్టుకుని, మళ్లీ సర్దుకుని కూర్చున్నాడు. ఆ సర్దుకోవడంలో నాకింకో బెత్తెడు పోయింది.

ఒళ్లు మండి మీ పుట్టుపూర్వోత్తరాలు తీశాను. లాటిన్‌లో ‘యుక్స్టా’ అంటే పక్కన. దానికి ‘అడ్’ తగిలించి ‘దగ్గరికి చేర్చు’ అన్నారు, అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకొచ్చింది. అంటే పుట్టుకతోనే మీ పని పక్కవాణ్ణి నొక్కడమన్నమాట! దారిలో జనం మిమ్మల్ని న్యాయానికి సంబంధించిన ‘యుస్టుస్’ తాలూకు అనుకోబట్టి ‘సరిచేయడం’ అనే పెద్దమనిషి తరహా కూడా వచ్చింది. ఇంకా వెనక్కి వెళ్తే మన ‘యోగం’ కూడా మీ దాయాదే. నా యోగం అలా ఉందని ఊరికే అనుకోలేదు.

ఇంగ్లీషువాళ్ల దగ్గర మీరు ఎక్కువగా సకర్మక క్రియ: అద్దం, వాచీ, టై, ఏదో ఒక వస్తువుంటుంది. ఇక్కడికొచ్చి ‘అవ్వండి’ తోక తగిలించుకుని అకర్మకమయ్యారు. కర్మంతా నాది.

చిల్లర బదులు చాక్లెట్ ఇచ్చేవాడి నోటా మీరే. "ఓ ఐదు వేలు అడ్జస్ట్ చెయ్ బ్రో" అంటే అప్పు, అదీ తిరిగిరానిది. పెళ్లయ్యాక మాత్రం అమ్మాయికే వినపడతారు, అబ్బాయికి మీ పేరే తెలీదు, ఎందుకో మరి.

అవన్నీ వదిలేద్దాం. ఏలూరు దగ్గర పది దాటింది. పది నుంచి పొద్దున్న ఆరు దాకా ఆ బెర్తు పడుకోవడానికి, రూలు అదే. పెద్దాయన నా భుజం మీద గురక పెడుతున్నాడు. టీసీకి చెప్తే ఆయన ఛార్ట్ మడిచి ఏమన్నాడో తెలుసా? మీ పేరే!

డబ్బు కట్టింది నేను. జరగను. అంతగా పని కావాలంటే ఆర్‌ఏసీ ఉందిగా, ఒకే సైడ్ లోయర్‌లో ఇద్దర్ని కూర్చోబెట్టే సర్కారీ కొలువు, అక్కడ చేరండి. కన్‌ఫర్మ్ టికెట్ల జోలికి రాకండి.

ఇట్లు,
మెడ పట్టేసిన ప్రయాణికుడు