పుకారు గారికి, కేరాఫ్ స్టాక్‌హోమ్

మహారాజశ్రీ పుకారు గారికి నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. మీ క్షేమం అడగను. మీకు ఏనాడూ జలుబు చేసిన దాఖలా కూడా లేదు. 1810 వేసవిలో స్టాక్‌హోమ్‌లో మీరు చూపిన ప్రతిభకు అభినందనలు తెలపడం రెండు వందల ఏళ్లు ఆలస్యమైంది, మన్నించగలరు.

సోఫీ వాన్ ఫెర్సెన్ గుర్తుందా? 1757లో పుట్టిన ప్రభువుల బిడ్డ. స్వీడన్ రాజు గుస్తావ్ చిన్న తమ్ముడు ఫ్రెడ్రిక్ అడాల్ఫ్ ఆమెను పెళ్లాడతానన్నాడు. తండ్రి వద్దన్నాడు! రాజుగారి ఇంటి సంబంధాన్ని వెనక్కి పంపిన మనిషి ఎలాంటివాడో మీరే ఊహించుకోండి, ఊహలు మీకు వెన్నతో పెట్టిన విద్య. 1777లో సోఫీని కౌంట్ పైపర్‌కు ఇచ్చి చేశారు. ఆ తరువాత ఆమె రాజుగారి మరదలు హెడ్విగ్ ఎలిజబెత్ షార్లెట్ కొలువులో కొన్నేళ్లు పెద్ద పదవి చేసింది. స్నేహం కొలువును మించింది. కాలక్రమంలో రాణి అయిన ఆ మరదలు తన దినచర్యను దశాబ్దాల పాటు సోఫీకి రాసే ఉత్తరాల రూపంలోనే రాసుకుంది. కొలువు కబుర్లే అయినా వాటికి తేదీ ఉంది, కింద రాసినావిడ పేరుంది. మీ సరుకుకు ఆ రెండూ ఉండవు.

ఇక అసలు సంగతి. 1810 మే 28న క్విడింగె మైదానంలో సైన్యాన్ని చూస్తున్న యువరాజు కార్ల్ ఆగస్ట్ గుర్రం మీది నుంచి పడి చనిపోయాడు. కోసి చూసిన వైద్యులు స్ట్రోక్ అన్నారు. మీరు మాత్రం మైదానానికి వెళ్లకుండానే, శవాన్ని చూడకుండానే విషమని తేల్చారు. పెట్టింది ఎవరంటే సోఫీ, ఆమె అన్న యాక్సెల్ అన్నారు. ఎంత ఆదా! వైద్యం అక్కరలేదు, సాక్షి అక్కరలేదు.

పాపమంతా మీదేనని అనను. అంతకు ముందు ఏడాదే ఫిన్లండ్ రష్యా పాలయింది, ఆ గుస్తావ్ కొడుకైన రాజు గద్దె దిగాడు. దిగిన రాజు కొడుక్కే కిరీటం రావాలని ఫెర్సెన్లు కోరుకున్నారు. ఆ ఇంటివాళ్ల గర్వం ఊరందరికీ తెలుసు. నేల దున్నే ఉంది, మీరు విత్తనం చల్లారు. ఆ విత్తనానికి పత్రికలవారు నీళ్లు పోశారు.

జూన్ 20న యువరాజు శవం రాజధానికి వచ్చింది. కొలువు వేడుకలు నడిపే రాజ్య మార్షల్ హోదాలో ఊరేగింపు ముందు నడవడం యాక్సెల్ విధి. ఆరు గుర్రాలు పూన్చిన మెరిసే బండిలో ఆయన, వెనక శవం. శవం ముందు ఆ తళుకేమిటన్నది న్యాయమైన ప్రశ్నే, కానీ అప్పటికి జనం ప్రశ్నలు అడిగే దశ దాటిపోయారు. రాళ్లు పడ్డాయి. ఒక ఇంట్లో దూరితే అక్కడి నుంచీ ఈడ్చారు. కొట్టి, తొక్కి చంపారు. సైనికులు వరుసల్లో నిలబడి చూశారు. పందొమ్మిదేళ్ల కిందట సరిగ్గా అదే తేదీ రాత్రి ఫ్రాన్సు రాజదంపతులను పారిస్ దాటించడానికి బండి తోలింది ఈయనే. ఆ రెండు జూన్ 20లను కలిపి మీరు ఇంకో కథ అల్లలేదంటే ఆశ్చర్యమే.

తరువాత మీరు సోఫీ కోసం వెతికారు. యాభై మూడేళ్ల కౌంటెస్ పనిమనిషి వేషం వేసుకుని పడవెక్కి వాక్స్‌హోమ్ కోట చేరింది. నేరం మోపితే విచారించండి అంది. విచారించారు. ఆ ఏడాదే అన్నాచెల్లెళ్లు ఇద్దరూ నిర్దోషులని తేలింది. ఏ పట్టణం ఆయనను తొక్కి చంపిందో ఆ పట్టణమే డిసెంబరులో ఆయనకు రాజ్య లాంఛనాలతో అంత్యక్రియలు చేసింది. మీరు హాజరయ్యారా? నల్లబట్టలేమైనా వేసుకున్నారా? ఫెర్సెన్లను అనుమానించిన దేశం ఈలోగానే ఒక ఫ్రెంచి మార్షల్‌ను యువరాజుగా తెచ్చుకుంది. ఆయన వంశం నేటికీ అక్కడే ఏలుతోంది.

సోఫీ మాత్రం రాజధాని వదిలి లోఫ్‌స్టాడ్ కోటకు వెళ్లిపోయింది. అక్కడి తోటలో ‘మరపురాని సోదరునికి’ అని ఒక రాయి చెక్కించింది. 1816లో పోయింది.

ఈ ఉత్తరం మీద రాయడానికి మీ చిరునామా నా దగ్గర లేదు. పరవాలేదు. “ఎవరికీ చెప్పకండి” అని చెప్పి పక్కింటి వారి చేతిలో పెడుతున్నాను. సాయంత్రానికి మీకు అందుతుంది.

ఇట్లు,
పేరు రాసే ధైర్యం లేని ఒక పాఠకుడు