ఇన్‌స్టంట్ గీజరు వారికి అద్దె ఇంటి విన్నపం

ట్రూప్ బజార్ దుకాణంలో గోడకు వేలాడుతున్న మూడు లీటర్ల ఇన్‌స్టంట్ గీజరు వారి దివ్యసముఖానికి, హైదరాబాదులో రెండు గదుల పోర్షన్‌లో కాపురముంటున్న నలుగురు మనుషుల నమస్కారాలు.

ఉభయకుశలోపరి. తమరిని మా ఇంటికి ఆహ్వానించే ముందు కొన్ని సంగతులు తేల్చుకుందామని ఈ ఉత్తరం. నేరుగా తమరినే అడుగుదామంటే దుకాణంలో కుర్రవాడు అడ్డం వస్తున్నాడు. ఏది అడిగినా తమరి తరఫున అతనే జవాబు చెబుతున్నాడు, అదీ మేం అడగని ప్రశ్నకు.

ముందుగా తమరి అట్టపెట్టె గురించి. దాని మీద ఒక అమ్మాయి పొగలు కక్కుతున్న షవరు కింద తల పైకెత్తి నవ్వుతోంది. ఆమె నిలబడిన బాత్రూము మా హాలూ వంటిల్లూ కలిపినంత ఉంది. కింద ఎర్రటి అక్షరాలతో "క్షణాల్లో వేడినీళ్ళు" అని రాశారు. ఎన్ని క్షణాల్లో, ఎన్ని నీళ్ళు, ఎంత వేడి? వీటికి పెట్టె ముఖం మీద జవాబు లేదు. పెట్టెను తిరగేస్తే అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఒక అంకె దొరికింది: 3 కిలోవాట్లు. తమరి జాతకం మొత్తం ఆ అంకెలోనే ఉంది కాబట్టే దాన్ని అంత భద్రంగా దాచిపెట్టారని తర్వాత తెలిసింది.

లీటరు నీళ్ళను ఒక్క డిగ్రీ వేడెక్కించాలంటే దాదాపు 4.2 కిలోజౌళ్ళు కావాలి. ఇందులో బేరం లేదు, పండగ తగ్గింపూ లేదు. తమరి 3 కిలోవాట్లంటే నిమిషానికి 180 కిలోజౌళ్ళు. ఆ లెక్కన కుళాయిని సన్నగా తిప్పి నిమిషానికి లీటరు చొప్పున వదిలితే తమరు 43 డిగ్రీలు పెంచగలరు. రెండు లీటర్లు వదిలితే 21 డిగ్రీలు. షవరేమో నిమిషానికి ఆరేడు లీటర్లకు తక్కువ తాగదు. అప్పుడు తమరి చలవతో, క్షమించాలి, తమరి వేడితో పెరిగేది ఆరు డిగ్రీలు. డిసెంబరు తెల్లవారుజామున ట్యాంకులో నీళ్ళు 20 డిగ్రీలుంటే షవరులోంచి 26 డిగ్రీలతో దిగుతాయి. ఆ అమ్మాయి ఎందుకు నవ్వుతోందో ఇప్పుడు అర్థమైంది. ఆ ఫొటో ఏప్రిల్‌లో తీసి ఉంటారు. పొగలు తర్వాత కంప్యూటర్‌లో కలిపి ఉంటారు.

అసలు తమరిని షవరు కింద నిలబడమన్నది ఎవరు? మాది బక్కెట్టూ చెంబూ సంసారం. అక్కడ తమరికి సాటి లేదు. 15 లీటర్ల బక్కెట్టు నీళ్ళను 20 నుంచి 40 డిగ్రీలకు తేవడానికి తమరికి పట్టేది ఏడు నిమిషాలు. ఒకరు స్నానం ముగించి, తువ్వాలు కోసం లోపలినుంచి కేకలు వేసి, అది చేతికందేలోపు రెండోవారి నీళ్ళు తయారు. తమరి పక్కనే లావుగా కూర్చున్న 15 లీటర్ల నిల్వ గీజరు గారి సంగతి వేరు. ఆయన 2 కిలోవాట్లతో 20 నిమిషాలకు పైగా కాగి 60 డిగ్రీలకు వస్తారు. ఆ నీళ్ళలో చన్నీళ్ళు కలిపితే రెండు బక్కెట్లవుతాయి. ఇంట్లో ఉన్నది నలుగురం. మూడోవారు మళ్ళీ మొదటినుంచి కాపలా కాయాలి. భోగి నాడు తెల్లవారకముందే అందరూ తలంటుకు వరసలో నిలబడితే ఆ మూడోవారి ముఖం చూడలేం. అంటే ఈ ఇంటికి తగినవారు తమరే. తగనిది తమరి బొమ్మ.

ఇంకొక మాట. ఒంట్లో మూడు లీటర్లు పట్టుకొని, రెండున్నర నిమిషాలు కాగాక పలికే తమరు "తక్షణం" అని చెప్పుకోవడం మన దగ్గర చెల్లిపోతోంది. జర్మనీలో తమరి జ్ఞాతులు నిల్వ అన్నది లేకుండా, మూడు ఫేజుల మీద 18, 21, 24 కిలోవాట్లతో పనిచేస్తారు. 21 కిలోవాట్ల వారు నిమిషానికి పది లీటర్లను 30 డిగ్రీలు పెంచి పంపుతారు. షవరు బొమ్మ వేసుకునే హక్కు వారిది. వారిని తెచ్చి మా ఇంటికి తగిలిస్తే వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ రాజీనామా చేస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. తమరిని కొనడం గంట పని. తమరు మా గోడకు తగరు, అదీ చిక్కు. 3 కిలోవాట్లంటే 230 వోల్టుల దగ్గర 13 ఆంపియర్లు. మా బాత్రూము పక్కనున్నది 6 ఆంపియర్ల సాకెట్టు. తమరి ప్లగ్గుకు లావు కాళ్ళు, దానికి సన్న రంధ్రాలు. ఈ పొంతన కుదరకపోవడం వెనక పెద్దల ముందుచూపు ఉందని మేమనుకున్నాం. దుకాణం కుర్రవాడు మాత్రం డ్రాయరులోంచి తెల్లటి కన్వర్టర్ ప్లగ్గు ఒకటి తీసి, "దీంతో ఏ సాకెట్టుకైనా పడుతుంది సార్" అన్నాడు. పడుతుంది. పై పోర్షన్ వారింట్లో అలాగే పడింది. ఆ సాకెట్టును చూసి వచ్చాం. కుడివైపు రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ ముందు పసుపు రంగుకు, తర్వాత గోధుమ రంగుకు తిరిగి, అంచు కరిగి లోపలికి జారింది. ప్లగ్గు లాగితే కాలు సగం వరకు నల్లగా వచ్చింది. గీజరు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోందని వారు సంతోషంగా చెప్పారు.

ఎలక్ట్రీషియన్ను పిలిచాం. ఆయన స్విచ్‌బోర్డు విప్పి, లోపల లైట్లకు వేసే సన్న తీగ ఉందని, తమరికి మీటరు దగ్గరినుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ లాగి, దాని మొదట్లో ఒక ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆగిపోయే స్విచ్చి), చివర 16 ఆంపియర్ల సాకెట్టు పెట్టాలని తేల్చారు. ఎర్తు ఉందా అని అడిగాం. ఆయన మాట్లాడకుండా టార్చి లోపలికి వేశారు. మూడో రంధ్రం వెనకనుంచి ఆకుపచ్చ తీగ చక్కగా బయలుదేరింది. వేలెడు దూరం వచ్చి, రెండు చుట్లు తిరిగి, గోడ మూలలో ఆగిపోయింది. కొస తెగి ఉంది. అది ఎక్కడికీ వెళ్ళదు, ఎక్కడినుంచీ రాదు. తనిఖీకి ఎవరైనా వస్తే చూసుకోవడానికి పెట్టినట్టుంది. తమరి లోపల నీళ్ళు కాచే ఎలిమెంటు తొడుగు చిట్లిన రోజున కరెంటుకు పారిపోవడానికి ఆ దారి ఒక్కటే గతి. అది మూసి ఉంటే తడికాళ్ళతో నిలబడిన మనిషే దారి అవుతాడు. అందుకని 30 మిల్లీఆంపియర్ల కరెంటు దారి తప్పి కారినా సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ అనే స్విచ్చి ఒకటి కూడా ఆయన చీటీలో చేర్చారు. చీటీ మొత్తం తమరి ధరను దాటిపోయింది. పెళ్ళికూతురి కన్నా ముత్తైదువకే ఎక్కువ నగలన్నమాట.

దుకాణంలో తమరి మీద చెప్పిన మిగతా పొగడ్తల గురించి క్లుప్తంగా రాస్తాను. 6.5 బార్ల ఒత్తిడి తట్టుకుంటారట. సంతోషం. పది మీటర్ల ఎత్తు నీళ్ళకు ఒక బారు లెక్కన, చార్మినార్ కన్నా ఎత్తులో ట్యాంకు పెట్టినా తమరు పగలరు. మా ట్యాంకు డాబా మీద, మా నెత్తికి నాలుగు మీటర్ల పైన ఉంది. పదంతస్తుల మేడలో కింది వాటాకు వెళ్ళి ఉంటే తమరి గుండెనిబ్బరం ఉపయోగపడేది. ఐదు నక్షత్రాలన్నారు. ఆ నక్షత్రాలు నిల్వ గీజర్లకు ఇచ్చేవి, ఊరికే కూర్చున్న వేడినీళ్ళలోంచి ఎంత వేడి కారిపోతుందో కొలిచి ఇచ్చేవి. తమరిలో నీళ్ళు కూర్చోవు. కూర్చోని నీళ్ళకు నక్షత్రం అక్కర్లేదు, అదే తమరి గొప్ప. చెప్పుకోదగిన గొప్పను వదిలేసి పక్కవారి నక్షత్రాలు తగిలించుకోవడం దేనికి? ఐఎస్ఐ ముద్ర చూపించండి, చాలు.

బోరు నీళ్ళ ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు. నల్లా రాని రోజు మాకు బోరే దిక్కు. ఆ నీళ్ళు కాగితే తమరి ఎలిమెంటు చుట్టూ తెల్లటి పెచ్చు కడుతుంది. గీకితే ఇంటిల్లిపాదికీ తాంబూలానికి సరిపడా సున్నం వస్తుంది. ఎలిమెంటులో పుట్టిన వేడి ఆ పెచ్చు దాటి నీళ్ళకు చేరలేక లోపలే పేరుకుని, చివరికి ఎలిమెంటు పగులుతుంది. తమరిలో కొందరిని విప్పి కడగడానికే వీలు లేకుండా మూత అతికించేశారు. వారంటీ కాగితంలో, నీటి గుణం వల్ల కలిగే నష్టానికి బాధ్యత లేదని చీమలు మళ్ళీ బారులు తీరాయి.

తమరికి పోటీగా ఉన్నవారి గురించి కూడా తెలుసుకోండి. ప్రస్తుతం ఆ ఉద్యోగంలో ఉన్నది హీటరు రాడ్డు. 1500 వాట్లు, బక్కెట్టుకు పావుగంట. 6 ఆంపియర్ల సాకెట్టును అంచు కాస్త దాటించే నడిపిస్తోంది. స్విచ్చి ఆపకుండా వేలు పెట్టి వేడి చూసే మనుషులు ఇంకా ఉన్నందువల్ల దాన్ని పదవి నుంచి తప్పించాలనుకుంటున్నాం. గ్యాసు గీజరును దరిచేరనివ్వం. 1868లో లండన్‌లో బెంజమిన్ వాడీ మాఘన్ దాని మూలపురుషుణ్ణి పొగగొట్టం లేకుండానే తయారుచేశారు. మూసిన బాత్రూములో కార్బన్ మోనాక్సైడ్ వదిలే ఆ వంశగుణం ఇన్నేళ్ళయినా పోలేదు. సౌర హీటరుకు డాబా కావాలి, డాబా ఓనరు గారిది. మా అత్తయ్య మాత్రం పెరట్లోని రాగి బాయిలర్‌ను తలచుకుంటారు. నడుమ గొట్టంలో బొగ్గులు వేస్తే పెళ్ళివారందరికీ నీళ్ళు కాగేవట. పెరడు ఎక్కడ తెమ్మంటారు అత్తయ్యా అని అడగలేక ఊరుకున్నాం.

కరెంటు ఖర్చు మాట. నలుగురికి నాలుగు బక్కెట్లంటే రోజుకు 1.4 యూనిట్లు, నెలకు 42. రాడ్డుతో కాచినా అంతే, తమరితో కాచినా అంతే. "కరెంటు సగం ఆదా" అని కుర్రవాడు అంటే నవ్వి ఊరుకున్నాం. అయితే 2024 నుంచి మా రాష్ట్రంలో గృహజ్యోతి పథకం ఉంది. అర్హులకు 200 యూనిట్ల వరకు బిల్లు సున్నా. 201 అయిందా, మొదటి యూనిట్ నుంచి కట్టాలి. కాబట్టి జనవరి నెలాఖరులో మా ఇంట్లో స్నానాలు మీటరు చూసి జరుగుతాయి. ఎవరు ముందు పోసుకున్నారన్నది కాదు, ఎవరు ఆ ఒక్క యూనిట్ దాటించారన్నది తేలాలి.

కాబట్టి మా షరతులు ఇవి. అట్టపెట్టె మీద షవరు తీసేసి బక్కెట్టు వేయించండి. 3 కిలోవాట్లు, 16 ఆంపియర్లు, ఎర్తు తప్పనిసరి అన్న మాటలను ఆ ఎర్రక్షరాలతోనే రాయించండి. కన్వర్టర్ ప్లగ్గును తమరి పక్కన కూర్చోబెట్టవద్దని దుకాణం వారికి చెప్పండి. వీటికి ఒప్పుకుంటే తమరి నియామకం ఖాయం. ఇక మిగిలింది కొత్త తీగ లాగడానికి ఓనరు గారి అనుమతి.

చీటీ పట్టుకొని వెళ్ళి అడిగాం. గోడలు తవ్వాలన్నమాట వినగానే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "తొందరేముంది మాస్టారూ, ఉగాది వెళ్ళనివ్వండి, తప్పకుండా చేయిద్దాం" అన్నారు. ఉగాది వెళ్ళాక డాబా మీద నల్ల ట్యాంకు పొద్దున తొమ్మిదింటికే ప్రతి కుళాయికీ పైసా ఖర్చు లేకుండా వేడినీళ్ళు పంపిస్తుంది. మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేం. అప్పుడు తమరితో మాకేం పని? ఇంత ఆలోచన ఉంది గనకే ఆయన ఓనరయ్యారు.

చిత్తగించవలెను.

ఇట్లు,
రెండు గదుల పోర్షన్‌వాసులు
(రాడ్డు స్విచ్చి ఆపి రాశాం)