క భాష రాని స్కానర్

అమెరికాలో ఉండే మా బావమరిది ఏడు వందల డాలర్లు పోసి పోలీసుల వైర్‌లెస్ మాటలు వినే స్కానర్ కొన్నాడు. మొన్న ఆదివారం బెంగళూరు మారతహళ్లిలో మేం పెసరట్లు తింటుంటే వీడియో కాల్ చేసి దాన్ని కెమెరా ముందు పెట్టాడు. అరచేతిలో పట్టే పెట్టె, పొట్టి యాంటెన్నా, చిన్న తెర. తెర మీద అంకెలు గబగబా మారుతూ ఒకచోట ఆగాయి. ‘ఈఎన్‌సీ’ అని మూడు అక్షరాలు మెరిశాయి. మరుక్షణం అంకెలు మళ్లీ పరుగు.

"ఏమైందిరా?"

"ఎన్‌క్రిప్షన్ బావా. పోలీసులు మాట్లాడుకుంటున్నారు, మనకి వినపడదు."

"మరి ఏడు వందలు ఎందుకు తగలేశావు?"

"మాట్లాడుకుంటున్నారని తెలిసింది కదా!"

ఆ క్షణం నుంచి ఆ పెట్టె అంటే నాకు అపారమైన గౌరవం. అక్కడి పోలీసు రేడియోలు చాలావరకు పీ25 అనే డిజిటల్ పద్ధతిలో నడుస్తాయి. ఏ బృందం ఏ ఫ్రీక్వెన్సీకి వెళ్తోందో కంట్రోల్ చానల్ చెబుతుంటే స్కానర్ దాని వెంట పడుతుంది. ఎన్‌క్రిప్షన్ అంటే మాటకు వేసే తాళం. వేసింది ఏ రకం తాళం, దాని తాళంచెవి నంబరెంత అన్నవి కూడా మాటతో పాటు బాహాటంగానే వస్తాయి. చెవి ఒక్కటే రాదు. ఏఈఎస్-256 అనే గట్టి తాళమైతే ప్రయత్నించాల్సిన చెవుల లెక్క 78 అంకెల సంఖ్య. స్కానర్ ఆ లేబుల్ చదివి, కిక్కురుమనకుండా పక్క చానల్‌కి వెళ్లిపోతుంది. పాత స్కానర్లకు ఈ మర్యాద తెలియదు. మిక్సీలో గులకరాళ్లు వేసినట్టు గరగరలాడతాయి.

మన దేశంలో లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పెట్టె ఇంట్లో పెట్టుకోవడం కుదరదని 1933లోనే చట్టం చేశారు. దూరదృష్టి అంటే అదీ. మా అపార్ట్‌మెంటుకు స్కానర్ దేనికి? కిందటి నెల ఎదురు గేటు దగ్గర హొయ్సళ బండి, అంటే పోలీసుల గస్తీ కారు, ఆగింది. లోపలి వైర్‌లెస్‌లో ఏం మాట్లాడుకున్నారో ఆ దేవుడికే తెలియాలి. పది నిమిషాల్లో మా వాట్సాప్ గ్రూపులో మొదట దొంగతనం, తర్వాత లేచిపోయిన జంట, చివరికి ఆదాయపు పన్ను దాడి జరిగిపోయాయి. అసలు సంగతి, రాత్రి పది దాటినా ఎవరో సౌండ్ బాక్సులు ఆపలేదు. షికాగోలో 2022 నుంచి పోలీసు రేడియోను జనానికి అరగంట ఆలస్యంగా వినిపిస్తున్నారట. అరగంటా! ఆపాటికి మా గ్రూపులో తీర్పు వెలువడి, శిక్ష కూడా అమలైపోతుంది.

అన్ని తాళాలూ గట్టివేం కావు. యూరప్‌లో పుట్టిన టెట్రా అనే రకం రేడియోల్లో టీఈఏ1 అనే తాళం ఉంది. దాని చెవి పొడవు 80 బిట్లని చెప్పుకునేవారు. లోపల అది 32 బిట్లకు కుదించుకుపోతుందని నెదర్లాండ్స్ పరిశోధకులు 2023లో బయటపెట్టారు. అంటే మామూలు కంప్యూటర్‌కి కూడా నిమిషాల పని. మా పాలవాడి లీటరు లెక్క ఇంతకంటే నయం. దశాబ్దాల పాటు ఆ తాళం తయారీ రహస్యం, కాబట్టి అంతా భద్రమే అనుకున్నారు.

ఇలాంటి తాళమే మా ఇంట్లోనూ ఒకటుంది. మా ఆవిడ వాళ్లక్కతో ఫోన్‌లో ముఖ్యమైన విషయాలన్నీ క భాషలో మాట్లాడుతుంది. "కమా కవా కరి కకి కచె కప్ప కకు" అని మొదలుపెడితే నేను పేపర్‌లో తలదూర్చి శూన్యంగా చూస్తాను. రెండో తరగతిలోనే నాకు క భాష వచ్చని ఇరవై రెండేళ్లుగా ఆవిడకు చెప్పలేదు.

నిన్న రాత్రి కగొ కలు కసు అని వినపడింది. తర్వాత ఎన్ని గ్రాములో కూడా వినపడింది. గొంతు పట్టిన ముద్దను మంచినీళ్లతో దింపుకుని, పప్పులో ఉప్పు సరిగ్గా సరిపోయిందన్నాను.