పోపుల డబ్బాలో కంప్యూటర్లు

మా పెదనాన్న కంప్యూటర్‌కి పక్క రేకు ఊడదీసి, హార్డ్ డిస్క్ బయటికి లాగి, పాత పంచె ముక్కలో చుట్టి అటకెక్కించేశారు. "ఇహ దీనికి ఏ రోగమూ రాదు" అన్నారు చేతులు దులుపుకుని.

పెద్దమ్మ వంటింట్లోంచి తొంగిచూసింది. "ఏమండీ, ఆ ఊడబీకిందేదో పారెయ్యకండి. అందులో అమ్మాయి పెళ్ళి ఫొటోలున్నాయి."

"పారెయ్యలేదే. చూడాలనిపిస్తే నిచ్చెన వేసుకో."

ఈ వైరాగ్యం ఆయనకి రిటైరయ్యాక వచ్చింది కాదు. 1980ల చివర్లో రాజమండ్రిలో ఆయన పనిచేసిన ఆఫీసుకి ఓ పీసీ వచ్చింది. చెప్పులు గుమ్మం బయట విడిచి, కాళ్ళు తుడుచుకుని మరీ ఆ ఏసీ గదిలోకి వెళ్ళేవారట. దానికి ఎ, బి అని రెండు ఫ్లాపీ డ్రైవులు. హార్డ్ డిస్క్ లేదు. ఎ లో డాస్ ఫ్లాపీ పెడితే యంత్రం లేస్తుంది. అది తీసేసి వర్డ్‌స్టార్ పెడితే టైపు మిషను అవుతుంది. అదీ తీసేసి లెక్కల ఫ్లాపీ పెడితే గుమాస్తా అవుతుంది. రాసుకున్నదంతా బి లో ఉన్న ఫ్లాపీ మీదికి పోతుంది. సాయంత్రం అన్నీ తీసి, తాళం ఉన్న ప్లాస్టిక్ పెట్టెలో పెట్టుకుంటే, బల్ల మీద మిగిలేది ఏ పాపమూ ఎరగని డబ్బా.

"1981లో ఐబీఎం వాడు మొట్టమొదటి పీసీ అమ్మినప్పుడు, అన్నిట్లోకీ చవక రకానికి ఫ్లాపీ డ్రైవు కూడా లేదురా. మామూలు టేప్‌రికార్డర్ తగిలించుకోమన్నాడు! కంప్యూటర్ అనేది లెక్క కట్టాలి. దాచుకోకూడదు. లోపల దాచుకోవడం మొదలెట్టిన రోజే దాని బుద్ధి చెడింది. ఇవాళ స్విచ్చెయ్యగానే ఏమంటోంది? 'ఆగు, నన్ను నేను బాగుచేసుకుంటున్నాను, 17 శాతం' అంటోంది. నన్నడిగిందా?"

5.25 అంగుళాల ఆ ఫ్లాపీలో పట్టేది 360 కిలోబైట్లు. ఇవాళ ఫోన్లో తీసిన ఫొటో ఒక్కటి కూడా అందులో పట్టదు. పైగా గోదావరి ఒడ్డు తేమకి వాటికి బూజు పట్టేది. ఈ సంగతి మాత్రం పెదనాన్న చెప్పరు, పెద్దమ్మ చెబుతుంది. దూదితో తుడిచిపెట్టమని ఇంటికి తెచ్చేవారట.

ఆయన ఛాదస్తానికి ఆజ్యం పోసింది మనవడు. మా అన్నయ్య కొడుకు, ఇంజినీరింగ్ రెండో ఏడు. "తాతయ్యా, మీరు చెప్పేది ఇప్పుడూ చెయ్యొచ్చు" అన్నాడు. లైనక్స్ అంటే విండోస్ లాగే కంప్యూటర్‌ని నడిపించే సరుకనీ, 2000లో క్లౌస్ క్నాపర్ అనే జర్మన్ ఆయన క్నాపిక్స్ పేరుతో దాన్ని మొత్తం ఒక్క సీడీలో సర్దాడనీ, 700 మెగాబైట్ల సీడీలో రెండు గిగాబైట్ల సరుకు కుదించి పెట్టాడనీ, హార్డ్ డిస్క్ జోలికి పోకుండా అది నడుస్తుందనీ చెప్పాడు. తర్వాత బ్యారీ కౌలర్ అనే ఆస్ట్రేలియా ఆయన పప్పీ లైనక్స్ అని చేశాడనీ, అది లేవగానే మెమరీలోకి ఎక్కి కూర్చుంటుందనీ, ఇవన్నీ ఇప్పుడు పెన్‌డ్రైవులోనే పెట్టుకోవచ్చనీ చెప్పాడు. స్విచ్చెయ్యగానే ఎఫ్12 మీట నొక్కితే, ఏ డ్రైవునుంచి లేవాలో చాలా కంప్యూటర్లు వాటంతటవే అడుగుతాయి.

పెదనాన్న కళ్ళు చెమర్చాయి. "అంటే రోజూ కొత్తగా లేస్తుందా?"

"అవును తాతయ్యా. ఆపెయ్యగానే అంతా మర్చిపోతుంది. వైరస్ వచ్చినా మర్చిపోతుంది."

"మడి కట్టుకున్న కంప్యూటర్రా!" అన్నారాయన.

మర్నాడే పెన్‌డ్రైవులు దిగాయి. ఆరు. టోకున తీసుకుంటే చవకని ఒకే కంపెనీవి, ఒకే నలుపువి, ఒకే సైజువి కొన్నారు. ఒకటి అపార్ట్‌మెంట్ అసోసియేషన్ లెక్కలకి (ఆయన ట్రెజరర్). ఒకటి పెద్దమ్మకి, భక్తి. ఒకటి మనవడి ఆటలకి. ఒకటి బ్యాంకు పనులకి మాత్రమే, అది నిజంగా తెలివైన పనే. ఒకటి ఉత్తరాలకి. ఆరోది అతిథులకి. ఎవరైనా వస్తే మంచినీళ్ళతో పాటు పళ్ళెంలో పెట్టి తెస్తారు. పక్క ఫ్లాటాయన మొదటిరోజు దాన్ని వక్కపొడి డబ్బా అనుకుని మూత లాగి చూశాడు.

ఆరూ ఒకేలా ఉంటే ఏది ఏదో ఎలా తెలుస్తుంది? చీటీలు అంటించారు. రాజమండ్రి ఎండాకాలానికి జిగురు కరిగి చీటీలు వేళ్ళకంటుకున్నాయి. రంగు దారాలు కట్టారు. దారం ముడి అడ్డొచ్చి పెన్‌డ్రైవు సగమే దిగింది. చివరికి పెద్దమ్మ అటకమీంచి పాత పోపుల డబ్బా దించి ఇచ్చింది. లోపల గిన్నెలు గిన్నెలుగా ఉంటుందిగా. ఆవాల గిన్నెలో అసోసియేషన్, జీలకర్రలో భక్తి, మినప్పప్పులో ఆటలు, శనగపప్పులో బ్యాంకు, మెంతుల్లో ఉత్తరాలు, ఎండుమిర్చిలో అతిథి. ఈ జాబితా పెదనాన్నకి కంఠతా వచ్చు. రాసిపెట్టలేదు. రాస్తే మళ్ళీ దాచుకోవడమే కదా.

మొదటివారం లెక్కల పెన్‌డ్రైవు ఎంత తోసినా ఎక్కలేదు. పెదనాన్న దాన్ని తిప్పి పెట్టారు, మళ్ళీ తిప్పి పెట్టారు. యూఎస్‌బీ విషయంలో ఇది లోకమంతా చేసేదే కాబట్టి ఎవరూ అనుమానించలేదు. చివరికి కళ్ళద్దాలు పెట్టుకుని చూస్తే ఆ సన్నటి సందులో ఓ ఆవగింజ. డబ్బా అడుగున ఏ పులిహోర నాటిదో. మా అన్నయ్య దాన్ని అందుకుని నోటి దగ్గర పెట్టుకుని ఉఫ్ఫుమని ఊదాడు. తొంభైల్లో టీవీ గేము క్యాట్రిడ్జి పనిచెయ్యకపోతే వాడు చేసిన పనే అది. 99999 ఆటలని పైన ముద్రేసి, తొమ్మిదింటినే తిప్పితిప్పి చూపించే ఆ క్యాట్రిడ్జిలకి ఊపిరి పోసీపోసీ వాడి ఊపిరితిత్తులు గట్టిపడ్డాయి. ఆవగింజ ఎగిరి పెదనాన్న చొక్కా జేబులో పడింది.

కంప్యూటర్ మాత్రం నిజంగానే సులువైంది, ఆ మాట ఒప్పుకోవాలి. ఇల్లే కాస్త కష్టమైంది.

పెద్దమ్మ విషయం వేరు. ఆవిడ ఓ మధ్యాహ్నమంతా కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, పారాయణ బృందం వాళ్ళ కోసం మంగళహారతులన్నీ టైపు చేసింది. సాయంత్రం కట్టేసింది. మర్నాడు తెరిస్తే తెల్ల కాగితం. మనవణ్ణి పిలిచింది. వాడు నసిగాడు. ఆరింటిలో కొన్నిటికి, రాసింది గుర్తుపెట్టుకునేలా విడిగా ఓ భాగం కేటాయించాడు. తాతగారి లెక్కలకి ఉంది. వాడి ఆటలకి ఉంది. నానమ్మదానికి లేదు.

"ఎందుకు లేదురా?"

"తాతయ్యే అన్నారు నానమ్మా. 'వినడమేగా, ఆవిడేం రాసుకుంటుందిలే' అన్నారు."

పెద్దమ్మ ఏమీ అనలేదు. ఆ రాత్రి పప్పులో ఉప్పు లేదు. అడిగితే, "మర్చిపోయాను. నాకేం గుర్తుంటుందిలెండి" అంది.

అసలు గొడవ శుక్రవారం నాడు. గురువారం సాయంత్రం పెద్దమ్మ పోపుల డబ్బాని చింతపండు పెట్టి తోమి, ఆరబెట్టి, పెన్‌డ్రైవులు మళ్ళీ సర్దింది. పెళ్ళయిన నాటినుంచీ ఆవిడ పోపుల డబ్బాలో ఆవాలు నడిమధ్య ఉంటాయి. పెదనాన్న లెక్కలో ఆవాలంటే తలుపు వైపు గిన్నె. ఇంతకాలం కాపరం చేసినా ఈ తేడా ఇద్దరి మధ్యా ఎప్పుడూ బయటపడలేదు, ఆయన ఎప్పుడూ పోపు పెట్టలేదు కనక.

శుక్రవారం పొద్దున్న పెదనాన్న తలుపు వైపు గిన్నెలోది తీసి వాచ్‌మన్‌కిచ్చారు. అసోసియేషన్ జమాఖర్చులు నలభై కాపీలు తియ్యాలి, మీటింగు ఆదివారం. పెద్దమ్మ ఆవిడ లెక్క ప్రకారం జీలకర్ర గిన్నెలోది తీసి చీర కొంగుకి ముడేసుకుని వెనక వీధి రామాలయానికి వెళ్ళింది. అక్కడి మైకుసెట్టుకి పెన్‌డ్రైవు పెట్టుకునే చోటుంది. పారాయణకి ముందు కాసేపు స్తోత్రాలు వేస్తారు.

కాసేపటికి వాచ్‌మన్ వట్టి చేతుల్తో వచ్చాడు. "సార్, అందులో ఏమీ లేదంటండి. ఫార్మాట్ చెయ్యాలా అని కంప్యూటరే అడిగిందంట. జిరాక్స్ కుర్రోడు చేసిచ్చాడండి. డబ్బులు కూడా తీసుకోలేదండి."

ఆ కుర్రాణ్ణి అనడానికి లేదు. లైనక్స్ తన సరుకు దాచుకునే భాగం ఆ షాపులో కంప్యూటర్‌కి చదవడం రాదు. రాదని ఒప్పుకోదు. ఇది పాడైంది, తుడిచెయ్యనా అంటుంది. ఎస్, నో అని రెండే బొత్తాలు చూపిస్తే, పదోతరగతి హాల్‌టికెట్ల వాళ్ళు పదిమంది నెత్తిమీద నిలబడినప్పుడు ఏ జిరాక్స్ వాడైనా ఎస్సే నొక్కుతాడు.

పెదనాన్న సోఫాలో కూలబడ్డారు. రెండేళ్ళ జమాఖర్చులు, లిఫ్టు రిపేరు బిల్లులు, జనరేటర్ డీజిల్ లెక్క. నేను మజ్జిగ ఇస్తే తోసేశారు. "కాపీ ఉందా?" అని అడగబోయి, ఆయన మొహం చూసి నోరు మూసుకున్నాను.

సరిగ్గా అప్పుడు రామాలయం మైకులోంచి ఓ గొంతు వీధంతా మోగింది.

"మూడు వందల నాలుగు. ఆర్నెల్ల మెయింటెనెన్స్ బాకీ. అడిగితే రేపంటాడు. కారు మాత్రం కొత్తది కొన్నాడు. నీళ్ళ ట్యాంకరొస్తే బిందెతో మొదట నిలబడేదీ వీడే."

పెదనాన్న గొంతు. కళ్ళు లాగుతున్నాయని ఆయన ఈమధ్య లెక్కలకి సంబంధించిన ముచ్చట్లన్నీ ఫోన్లో మాట్లాడి రికార్డు చేసి, అదే పెన్‌డ్రైవులో పడేస్తున్నారు. మైకుసెట్టుకి లైనక్స్ తెలీదు, లెక్కలు తెలీవు. పాట కనిపిస్తే పాడుతుంది. ఒకటి అయిపోగానే రెండోది అందుకుంటుంది.

"రెండు వందల ఒకటి. ఈవిడ డబ్బులిస్తుంది. రసీదు ఇచ్చేదాకా గుమ్మంలోంచి కదలదు. మనమేదో ఊరొదిలి పారిపోతున్నట్టు."

రెండు వందల ఒకటావిడ గుళ్ళో ముందువరసలో కూర్చుని ఉందని తర్వాత తెలిసింది. పూజారిగారి ఒక చేతిలో హారతి, ఇంకో చేతిలో గంట. ఏ మీట నొక్కితే ఆగుతుందో ఆయనకొక్కడికే తెలుసు.

"ప్రెసిడెంటుగారు. ఇది నాలో నేను అనుకుంటున్నది. ఆయనకి కూడికలు వచ్చు, తీసివేతలు రావు."

నేను పెదనాన్న వైపు చూడలేకపోయాను. ఎలాగో ధైర్యం చేసి చూద్దును కదా, ఆయన మొహం వెలిగిపోతోంది. సోఫాలోంచి లేచి మజ్జిగ గ్లాసు అందుకున్నారు.

"ఒరేయ్, అది పాడుతోందంటే లెక్కలు బతికే ఉన్నాయ్‌రా!"

పోయినవి మనవడి ఆటలు. వాడు రెండ్రోజులు తిండి మానేశాడు, మూడోరోజు మళ్ళీ మొదటి లెవెల్‌నుంచి ఆడుకున్నాడు. పెద్దమ్మ గుడినుంచి వచ్చి, పెన్‌డ్రైవు బల్లమీద పెట్టి, "మీకు గుర్తుపెట్టుకోవడం బాగా వచ్చు. మీకే కాదు, ఇప్పుడు ఊరందరికీ వచ్చు" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే ఆవిడ పెన్‌డ్రైవుకి కూడా రాసుకునే చోటు ఏర్పడింది. తాతయ్యే దగ్గరుండి చేయించారట.

ఇహ వసూళ్ళు. చీకటి పడేలోపల మూడు వందల నాలుగాయన ఆర్నెల్ల బాకీతో పాటు రెండు నెలలు ముందుగా కట్టేసి, "లెక్క రాసుకోండి సార్, మాట్లాడకండి, రాసుకోండి" అని దణ్ణం పెట్టి వెళ్ళాడు. మైకులో ఇంకా పేరు రానివాళ్ళు కూడా వరసకట్టారు. అసోసియేషన్ చరిత్రలో ఇంత వసూలు ఎన్నడూ లేదు. ప్రెసిడెంటుగారు మాత్రం గుమ్మం దగ్గరే నిలబడి, తనిచ్చిన దానికి ముద్ర వేసిన రసీదు కావాలన్నారు, తీసివేతలతో సహా.

దాంతో అందరికీ రసీదులు కావలసి వచ్చాయి. ఇంట్లో ప్రింటర్ లేదు. పెదనాన్న ఈసారి డబ్బాని నమ్మలేదు. లెక్కల పెన్‌డ్రైవు కంప్యూటర్‌లో పెట్టి తెరిచి, అదేనని కళ్ళారా చూసుకుని, తన చేత్తోనే వాచ్‌మన్ జేబులో వేసి బొత్తాం పెట్టారు. వచ్చి కాఫీ తాగుతూ, ఒక్కో పనికి ఒక్కో డిస్కు ఉంటే వ్యవహారం ఎంత శుభ్రంగా ఉంటుందో నాకు మళ్ళీ మొదటినుంచీ చెప్పడం మొదలెట్టారు.

వాక్యం మధ్యలో ఫోన్ మోగింది. స్పీకర్లో పెట్టారు. జిరాక్స్ కుర్రాడు. పాపం, ఈసారి చాలా మర్యాదగా అడిగాడు.

"అంకుల్, ఇదీ అలాగే అడుగుతోందండి. పొద్దున్న లాగే చేసేశానండి, మీకు చెబుదామని చేశాను."

"ఏం చేశావ్? ఫోనా, ఫార్మాటా?" అని పెదనాన్న అరిచేసరికే, అవతల వెనక వరసలో ఎవరో హాల్‌టికెట్ కలర్‌లో కావాలంటున్నారు.