ఫెర్గూసన్ గారి తరఫున ఒక ఫిర్యాదు

అమెరికన్ హాస్యరచయిత మార్క్ ట్వేన్ మీద అభియోగపత్రం దాఖలు చేయక తప్పదని నెల్లూరు పాఠకలోకం తీర్మానించింది. 1867లో క్వేకర్ సిటీ అనే ఓడలో తోటి అమెరికన్లతో యూరపు, పాలస్తీనా చుట్టివచ్చి, 1869లో ఆయన వెలువరించిన ‘ది ఇన్నోసెంట్స్ అబ్రాడ్’ను ట్రంకురోడ్డు హోటళ్ళలో కూలంకషంగా చర్చించగా, అందులో కొంత నేటికీ కడుపుబ్బ నవ్విస్తున్నదనీ, కొంత మాత్రం మురిగిపోయిందనీ తేలింది.

నిలిచిన హాస్యానికి నిదర్శనాలున్నాయి. జెనోవాలో గైడు కొలంబస్ చేతివ్రాతను భక్తితో చూపిస్తే, తమ దేశంలో పద్నాలుగేళ్ళ కుర్రాళ్ళు ఇంతకన్నా చక్కగా రాస్తారని యాత్రికులు పెదవి విరుస్తారు. ఈజిప్టు మమ్మీని చూపించినా ‘ఈయన పోయారా?’ అని ఎంతో గంభీరంగా అడుగుతారు. ప్రతి చర్చిలోనూ అసలు శిలువ మేకులు చూసి చూసి, తాము చూసినవే ఒక పీపాకు సరిపోతాయని ట్వేన్ లెక్కగడతాడు. ఇక్కడ ఎగతాళి తన బృందం మీదా, బలిసిన మఠాల మీదా కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేదు.

సిరియా పల్లెల్లో కళ్ళమీద ఈగలు ముసిరిన పసిపిల్లల దగ్గరికి వచ్చేసరికి అదే కలం అదే హుషారుతో సాగిపోతుంది గానీ, చదివేవాడికి నవ్వు రాదు. పారిస్‌లో దొరికిన గైడు పేరు నచ్చక ఫెర్గూసన్ అని మార్చినవాళ్ళు, ఆ తరువాత ఏ ఊరి గైడునైనా అదే పేరుతో పిలిచారు. 1896లో అప్పులు తీర్చుకోవడానికి ఉపన్యాసాలిస్తూ మన దేశం వచ్చినప్పుడు కూడా ట్వేన్ తన నౌకరుకు సైతాన్ అని నామకరణం చేశాడు. కలకత్తా నుంచి మద్రాసుకు ఓడలో మన తీరం పక్కగానే వెళ్ళాడు గానీ మైపాడులో దిగలేదు; మన జాలరుల పేర్లు ఆ విధంగా దక్కాయి.

ఇంతకూ ఈ అభియోగం మోపినవారంతా కాశీయాత్ర చేసివచ్చినవారే. వంటమనిషినీ, గ్యాసుపొయ్యినీ, గోంగూరపచ్చడి జాడీలనూ బస్సెక్కించుకుని వెళ్ళి, ఆటోవాణ్ణీ పడవవాణ్ణీ పూలమ్మేవాణ్ణీ ఒకే ‘భయ్యా’తో సరిపెట్టి, చారు కాయడం తెలియని జనమని వాట్సాపులో యాత్రాచరిత్ర రాశారు. దానిమీద ఫిర్యాదు చేయడానికి ఏ భయ్యాకూ తెలుగు రాదు.

రొట్టెల పండుగకు వచ్చిన పొరుగూరివాళ్ళు నవ్వితే మాత్రం మనం ఊరుకోము. స్వర్ణాల చెరువులో మోకాలిలోతు నీళ్ళలో, తలమీద కొంగు కప్పుకుని, కోరిక తీరినవారు తెచ్చిన రొట్టెను కోరిక ఉన్నవారు అందుకుంటారు. ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె అని కేకలు వేస్తూ వెతుక్కుంటారు. ట్వేన్ ఆ గట్టుమీద నిలబడి ఉంటే ఏం రాసేవాడో ఊహించడం కష్టం కాదు. కాకపోతే ఈ మధ్య గిరాకీ అంతా వీసా రొట్టెకే, అదీ ఎక్కువగా ఆయన దేశానికే. ఆ రొట్టె ఫలించి విమానమెక్కిన పెంచలయ్య, అక్కడి ఆఫీసులో తన పేరు ఎవరికీ నోరు తిరగడం లేదని తనంతట తానే ‘పాల్’గా మారి, నెల్లూరుకు ఫోను చేసినప్పుడు కూడా ఒక్కోసారి అలవాటుగా ‘పాల్ హియర్’ అంటున్నాడట.